కొలబద్ద లేని బొమ్మ

మొదటి రోజు నేను పాఠం చెప్పను. రెండు బొమ్మలు చూపిస్తాను. ఒకటి మే నెలలో భీమునిపట్నం ఎండ. రెండోది జనవరిలో భీమునిపట్నం ఎండ. రెండింట్లోనూ ఊరు ఎర్రగా మండిపోతూ ఉంటుంది. వీటిలో వేసవి ఏదో చెప్పండర్రా అని అడుగుతాను. పిల్లలు మెడలు సాచి చూస్తారు. ఒకడు మొదటిదంటాడు, ఇంకొకత్తె రెండోదంటుంది, వెనక బెంచీవాళ్ళు రెండూ వేసవే మేడమ్ అంటారు.

అప్పుడు బొమ్మ పక్కన రంగుల కొలబద్ద పెడతాను. మొదటి బొమ్మలో ఎరుపంటే నలభై రెండు డిగ్రీలు. రెండోదాంట్లో ఎరుపంటే ఇరవై ఏడు. పుష్యమాసంలో జనం శాలువాలు కప్పుకుని తిరుగుతుంటే నా బొమ్మలో మాడి మసైపోతున్నారు. రంగులు వేసే ప్రోగ్రాముకి చలీ తెలియదు, ఎండా తెలియదు. ఇచ్చిన అంకెల్లో ఏది పెద్దదైతే దాన్ని ఎర్రగా పూసి కూర్చుంటుంది. ఆ పెద్దది ఎంత పెద్దదో కొలబద్ద చెప్పాలి. కాబట్టి కొలబద్ద లేని బొమ్మకి నా దగ్గర సున్నా.

ఈ సున్నాల వల్ల పిల్లలు నన్ను సున్నా మేడమ్ అంటారని నాకు తెలుసు. అననీ. కంప్యుటేషనల్ సైన్సు డిగ్రీలో సైంటిఫిక్ విజువలైజేషన్ అని నా పేపరు. లెక్కల్లోంచి వచ్చిన అంకెల గుట్టని కంటికి కనబడే బొమ్మగా మార్చడం, ఆ బొమ్మ అబద్ధమాడకుండా చూసుకోవడం. మొదటి పని కంప్యూటరు చేస్తుంది. రెండోది నేర్పినందుకు నాకు జీతం ఇస్తారు.

క్లాసయ్యాక బస్సెక్కి ఇంటికి వస్తాను. ఇంట్లో సన్యాసిరావుగారు ఉంటారు. నా భర్త. బస్సు డిపోలో కంట్రోలరుగా చేసేవారు. ఒక ఉదయం పళ్ళు తోముకుంటూ తలలో నరం చిట్లి పెరట్లో పడిపోయారు. ప్రాణం దక్కింది. మాటా, కదలికా పోయాయి. కళ్ళు తెరుస్తారు, మూస్తారు. ఆ కళ్ళు నన్ను చూస్తున్నాయో నా వెనక గోడని చూస్తున్నాయో తెలియదు. లోపల మనిషి ఉన్నాడా అని అడిగితే డాక్టర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాకు పిల్లల్లేరు. ఉన్న ఒక్క మనిషీ ఉన్నాడో లేడో తెలియకుండా ఒక ఇంట్లో బతకడం ఎలా ఉంటుందో నేను ఎవరికీ చెప్పలేకపోయాను.

ఆ రోజుల్లో డాక్టర్ బెహరా నా కోసం కాలేజీకి వచ్చారు. ఆయన ఒక టోపీ కనిపెట్టారు. వెలుతురు ప్రసరించే సన్నటి పోగులతో అల్లింది. ఆ వెలుతురు పుర్రె దాటి లోపలికి పోయి, మెదడులో ఎక్కడ నెత్తురు ఎక్కువగా పారుతోందో చూసుకుని బయటికి వస్తుంది. మాట చెవిన పడి, అది మాటని లోపల తెలిస్తే, కొన్ని చోట్ల నెత్తురు పొంగుతుంది. తెలియకపోతే పొంగదు. అలాంటి మనుషులు లోపల ఉన్నారో లేదో ఇంట్లోనే, పగలల్లా చూసుకోవచ్చు. చిక్కల్లా ఏమిటంటే అది కక్కేవి అంకెలు. క్షణానికి కొన్ని వేలు. వాటిని ఏ తల్లీ, ఏ భార్యా చదవలేదు. బొమ్మ కావాలి. అందుకు నేను.

నేనొక నేల గీశాను. మాట లేనప్పుడు నీలంగా, చదునుగా ఉంటుంది. మాట తగిలితే మిట్టలు లేస్తాయి. ఆకుపచ్చ, పసుపు, మరీ పొంగితే ఎరుపు. టోపీ మొట్టమొదట పెట్టింది మా ఇంట్లోనే. "ఏమండీ, నేను, హైమని" అన్నాను. నేల కదిలింది. పొయ్యి మీద పాలు లేచినట్టు లేచి ఎర్రబడింది. నేను ఆ తెర ముందే కూలబడి ఏడ్చాను. బెహరాగారు కిటికీ దగ్గరికి పోయి సముద్రం చూస్తూ నిలబడ్డారు.

పగటిపూట ఆయన్ని చూసుకునే నూకాలు ఆ టోపీకి పాగా అని పేరు పెట్టింది. మాకందరికీ అదే పేరైపోయింది. సాయంత్రం నేను గుమ్మం ఎక్కేసరికి నూకాలు లెక్క ఒప్పజెప్పేది.

"బాబుగోరు ఈయేళ బాగా ఇన్నారమ్మా. నాను మా తోడికోడలు గొడవ సెప్తే తెర ఎర్రబడిపోనాది."

"ఆయనకి ఎప్పుడూ ఊళ్ళో గొడవలే కావాలి" అనేదాన్ని.

నూకాలు వెళ్ళాక టీ పెట్టుకుని మంచం పక్కన కూర్చునేదాన్ని. బస్సు ఆలస్యమైతే డిపోని తిట్టేదాన్ని. ఆయన కొలీగుల్లో ఎవరు రిటైరయ్యారో చెప్పేదాన్ని. తెర ఎర్రగా లేచేది. అంతకుముందు నేనంత మాట్లాడేదాన్ని కాను. ఇంట్లో మాటలన్నీ ఆయనవే. ఇప్పుడు నా వంతు వచ్చింది, ఆయన వింటున్నారు, అంతే తేడా అనుకునేదాన్ని. కాలేజీలో నాకు స్నేహితులు లేరు. అక్కర్లేదనిపించేది కూడా.

మొదట్లో మా తెరకీ కొలబద్ద ఉండేది. చూడ్డానికొచ్చిన మరిది దాని వంక చూసి, "వదినా, నూటికి ఎంత ఉన్నట్టు?" అని అడిగాడు. ఆయన పిన్ని కూతురు ఇంకా ముందుకు పోయి, నలభై వస్తే పాసేనా అంది. నా భర్త ఎంత శాతం బతికున్నాడో లెక్క కట్టడానికి నేను బొమ్మ గీయలేదు. ఆ సాయంత్రమే కొలబద్ద తీసేశాను. పాగా పెట్టుకున్న మిగతా ఇళ్ళవాళ్ళకి కూడా తీసేశాను. వాళ్ళెవరూ అడగలేదు.

ప్రోగ్రాములో ఇంకో పంక్తి కూడా ఉంది. పాగా కొత్తల్లో ఒక్కో ఇంట్లో తెర ఒక్కోలా ఉండేది, కొందరికి మరీ మసకగా, కొందరికి మరీ మంటగా. పని నడవాలి కదా అని, ఏ పూటకి ఆ పూట వచ్చిన అంకెల్లో పెద్దదాన్నే ఎరుపు చేసుకోమని రాశాను. తాత్కాలికంగా. మా వృత్తిలో తాత్కాలికంగా రాసినంత శాశ్వతంగా ఇంకేదీ నిలవదు. తర్వాత సరిచేద్దామనుకున్నాను, సెమిస్టరు మొదలైంది, మరిచిపోయాను.

రెండో ఏడు మా అత్తగారు పోయారు. ఆయనకి చెప్పాలా వద్దా అని రోజంతా తిరిగాను. కడుపున పుట్టిన కొడుకు, చెప్పకపోతే ఎలా. సాయంత్రం చెయ్యి పట్టుకుని, "అమ్మ పోయిందండీ. నిద్రలోనే పోయింది, బాధ పడలేదు" అన్నాను. నేల లేచింది. చాలాసేపు ఎర్రగా ఉండిపోయింది. ఏడుస్తున్నారనుకున్నాను. నేనూ ఏడ్చాను. ఒకరికొకరం తోడున్నాం కదా అని ఆ దుఃఖంలోనే నాకు చిన్న ఊరట కలిగింది.

బెహరాగారు నెలకోసారి వచ్చి ఒకటే ప్రశ్న అడిగేవారు. "తగ్గుతోందా మేడమ్?"

ఇలాంటి కొందరికి తలలో నీరు చేరుతుందట. చేరిన కొద్దీ లోపలి మనిషి మునిగిపోతాడట. వేళకి కనిపెడితే గొట్టం వేసి నీరు తీసేయవచ్చు. కానీ అసలే నలిగిన తల, ఊరికే కత్తి పెడితే అదే ప్రాణం తీయవచ్చు. కాబట్టి స్పందన తగ్గుతుంటేనే ఆపరేషను.

"లేదు డాక్టరుగారూ. చూడండి, ఎప్పటిలాగే ఉంది" అని తెర చూపించేదాన్ని. ఎర్రటి మిట్టలు చూసి ఆయన తృప్తిగా తల ఊపి వెళ్ళేవారు.

ఈ ఏడాది సెమిస్టరు చివర పిల్లలకి ప్రాజెక్టు ఇవ్వాల్సి వచ్చినప్పుడు నాకొక బుద్ధి పుట్టింది. గాలివానలు, గ్రహాలు, చేపల గుంపులు ఇచ్చి ఇచ్చి విసుగొచ్చింది. మా ఆయన అంకెలు ఇస్తే? పేరు తీసేసి, పాగాతో పాటు రికార్డయ్యే మాటలు తీసేసి, శబ్దం ఎంత ఉంది, అది ఆడగొంతా మగగొంతా అన్నది మాత్రం ఉంచి, నమూనా ఒకటి అని పేరు పెట్టాను. బెహరాగారిని అడిగితే ఇంటివాళ్ళు మీరే కదా, మీ ఇష్టం అన్నారు. నిజం చెప్పాలంటే ప్రాజెక్టు ఒక సాకు. ఆయన్ని చూడ్డానికి అందరూ రావడం మానేశారు. ఎవరో ఒకరు, పేరు తెలియకపోయినా సరే, ఆయన్ని కాసేపు చూస్తే బాగుండుననిపించింది.

నమూనా ఒకటి ఢిల్లీశ్వరికి, తవిటినాయుడికి పడింది. ఢిల్లీశ్వరిది టెక్కలి దగ్గర పల్లె. క్లాసులో అందరూ దాన్ని ఢిల్లీ అంటారు, అది విశాఖ దాటి ఎటూ పోలేదని ఏడిపిస్తారు. పిల్ల మాత్రం గట్టిది. ప్రశ్న వేస్తే నేల చూపులు చూడదు. తవిటినాయుడు నోరు విప్పితే మూయడు. ఇద్దరూ కలిశారంటే పని అవుతుందనుకున్నాను.

ప్రాజెక్టులు చూపించే రోజు మధ్యాహ్నం ఎండ కిటికీల్లోంచి పడుతుంటే తెరలు దింపాం. ఢిల్లీశ్వరి ముందుకొచ్చింది.

"నమూనా ఒకటి మేడమ్. మంచం మీదున్న మనిషి. మాట వింటే మెదడెంత స్పందిస్తందో ఇందులో ఉంది. ముందు ఏ రోజుకారోజు గీశాం. అన్నీ ఎర్రగానే వచ్చాయి. మొదటి రోజు ఎంతో ఆఖరి రోజూ అంతే. అప్పుడు మీరు మొట్టమొదట చూపించిన ఎండ బొమ్మలు గుర్తొచ్చాయి మేడమ్. అందుకని మొత్తం రోజులన్నిటికీ కలిపి ఒకే కొలబద్ద పెట్టాం."

బొమ్మ ఇంకా రాలేదు. అయినా తెలిసిపోయింది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఏటేటా మొదటి రోజున చెప్పే పాఠంలోనే పడ్డానని తెలిసింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

బొమ్మ వచ్చింది. ఎడమ పక్క కొండలు. ఎర్రటి శిఖరాలు, పసుపు చరియలు. అక్కణ్ణించి కుడికి వస్తున్న కొద్దీ కొండలు మిట్టలయ్యాయి, మిట్టలు గట్లయ్యాయి. మధ్య దాటాక కొంతదూరానికి నీలం. అటు తర్వాత అంచుదాకా నీలమే.

"ఇక్కడికొచ్చేసరికి ఈ మనిషి లేడు మేడమ్. అంటే ప్రాణం ఉంది. మనిషి లేడు" అంది ఢిల్లీశ్వరి, బాగా చేశామన్న ధీమాతో.

క్లాసు నా వైపు చూసింది. నేను ఎప్పుడూ ప్రశ్నలు వేస్తాను, అది వాళ్ళకి అలవాటే.

"పాగా... ఆ టోపీ చెడిపోయిందేమో. పోగులు పాతబడితే అంకెలు వాటంతటవే తగ్గుతాయి. అది చూశారా?"

"చూశాం మేడమ్. గుండె కొట్టుకోడం కూడా ఆ టోపీలోనే పడతంది. అది మొదట్నుంచి చివరిదాకా ఒకే ఎత్తులో ఉంది. టోపీ చెడితే అదీ తగ్గాలి కదా."

సరైన సమాధానం. ఏ పరీక్షలోనైనా పూర్తి మార్కులు వచ్చే సమాధానం. నేను ఇంకొకటి వెతికాను.

"నిద్రలో ఉన్న వేళలు కలిశాయేమో."

"నిద్ర తీసేశాం. కళ్ళు తెరిచున్న వేళలే."

"గదిలో ఎవరూ లేనప్పుడు అంకెలు ఎలా ఉన్నాయి? వాటితో పోల్చకుండా లేడని ఎలా అంటావు?"

"పోల్చాం మేడమ్. ఈ నీలంలో మాట ఉన్నప్పుడూ, లేనప్పుడూ ఒకటే. తేడా ఏమీ లేదు."

"మాట్లాడే మనిషి మానేసిందేమో. గొంతు తగ్గిందేమో. చెప్పేవాళ్ళు లేకపోతే వినేవాడు ఏం వింటాడు?"

ఈసారి తవిటినాయుడు అందుకున్నాడు. "గొంతు ఏటీ తగ్గలేదు మేడమ్. శబ్దం లెక్క ఉంది కదా. ఎవరో ఆడమనిషి, సాయంత్రాలు మాట్లాడతంది. తగ్గడం పోయి, రానురానూ ఎక్కువైంది. ఆఖరికొచ్చేసరికి గంటలకి గంటలు. పాపం, ఆవిడకి ఎవరూ చెప్పలేదేమో."

వెనక బెంచీలో ఎవరో చిన్నగా నవ్వారు. తవిటినాయుడిని చూసి నవ్వారు, వాడు ఏం చెప్పినా నవ్వుతారు. నాకు మాత్రం ఆ నవ్వు ఒంటికి తగిలింది.

ఇంకో ప్రశ్న కోసం చాలాసేపు ఆలోచించాను. ఏదీ దొరకలేదు. వాళ్ళకి అన్నీ నేనే నేర్పాను, బాగా నేర్పాను. "కొలబద్ద పక్కన ప్రమాణం రాయలేదు" అన్నాను చివరికి. "ఒక మార్కు తీసేస్తున్నాను. మిగతాదంతా బాగుంది. తర్వాతి జట్టు రండి."

తర్వాతి జట్టువాళ్ళు చేపల గుంపు మీద ఏదో చెప్పారు. ఏం చెప్పారో గుర్తు లేదు.

ఇంటికి వెళ్ళేసరికి నూకాలు ఎదురొచ్చి, బాబుగోరు ఈయేళ మరీ బాగా ఇన్నారు అంది. తెర నిజంగానే ఎర్రగా ఉంది. నేను చెప్పులు కూడా విప్పకుండా కంప్యూటరు ముందు కూర్చుని ప్రోగ్రాము తెరిచాను. నా తాత్కాలిక పంక్తి ఉన్నచోటే ఉంది. లోపల ఏమీ లేనప్పుడు, ఉన్న నలుసుల్లోనే పెద్ద నలుసుని వెతికి ఎర్రగా పూసి చూపిస్తోంది. అది దానికి నేను చెప్పిన పనే.

పిల్లలకి ఇచ్చిన అంకెల్లో మాటలు లేవు. నా దగ్గర ఉన్నాయి. ఒకే కొలబద్ద మీద బొమ్మ గీసుకుని, మొదటి నుంచి వింటూ వచ్చాను. మొదటి ఏడంతా ఆయన ఉన్నారు. అది ఎవరూ కాదనలేరు, కొలబద్ద ఉంది. అన్నిటికన్నా ఎత్తైన శిఖరం దగ్గర ఏం చెప్పానో వినాలనిపించింది. నేను ముద్దుగా మాట్లాడిన సాయంత్రాలు కొన్ని ఉన్నాయి, పెళ్ళినాటి సంగతులు చెప్పిన రోజులున్నాయి. వాటిలో ఏదో ఒకటి అనుకున్నాను. కాదు. ఆ రోజు నేను ఆయనతో మాట్లాడనే లేదు. పక్కన కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ నాలో నేను గొణుక్కుంటున్నాను. 'ఎరుపు పెరిగిన కొద్దీ వేడి పెరుగును' అని ఎవడో రాశాడు. దాన్ని పైకి చదివి, "ఎవర్రా నీకు చదువు చెప్పింది... నేనే కదూ, నా ఖర్మ" అన్నాను. అక్కడ లేచింది ఆ కొండ.

నేను పేపర్లు దిద్దుతుంటే ఆయన పక్కన చేరి నవ్వేవారు. నా తిట్లు వినడానికే వచ్చేవారు. ఆ రోజు కూడా నవ్వే ఉంటారు. రుజువేమీ లేదు. నా తెర మీద ఆ రోజూ మిగతా రోజుల్లాగే కనబడింది, అందుకే నేను తలెత్తి చూడలేదు. చూసి ఉంటే ఇంకో పేపరు చదివేదాన్ని. రోజూ చదివేదాన్ని.

తర్వాత దిగువకి వచ్చాను. ఖాళీ గది కన్నా కాస్త ఎత్తుగా లేచిన ఆఖరి మిట్ట దగ్గర నేను గ్యాసు సిలిండరువాడి గురించి చెబుతున్నాను. చిల్లర లేదంటాడు, ఎప్పుడూ ఇంతే, అన్నాను. అంతే. ఆ తర్వాత ఏమీ లేవలేదు. ఆయన వెళ్ళిపోతుంటే నేను సిలిండరు గురించి మాట్లాడుతున్నాను. వెళ్ళాక కూడా మాట్లాడుతూనే ఉన్నాను.

మా అత్తగారు పోయిన సంగతి చెప్పిన సాయంత్రం నీలంలో ఉంది. దాన్ని వినలేక ఆపేశాను. మేమిద్దరం కలిసి ఏడ్చామనుకున్నాను. ఆ గదిలో నేనొక్కదాన్నే ఏడ్చాను. అది తెలిశాక ఆ ఏడుపు మళ్ళీ మొదట్నుంచి వచ్చింది, ఈసారి ఆవిడ కోసం కాదు.

మర్నాడు పొద్దున్నే బెహరాగారికి ఫోను చేసి చెప్పాను. ఉన్నదున్నట్టు చెప్పాను.

"అప్పుడే తెలిసి ఉంటే?" అని నేనే అడిగాను.

"ప్రయత్నించేవాళ్ళం మేడమ్. ఏమయ్యేదో చెప్పలేను. మీ బొమ్మ చూసే నేను కత్తి పట్టలేదు" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "మిగతా ఇళ్ళ సంగతి చూడండి" అన్నారు.

మిగతా ఇళ్ళ అంకెలు కూడా నా దగ్గరికే వస్తాయి. ఒకే కొలబద్ద మీద గీశాను. ఒకాయన నిలకడగా ఉన్నారు. ఒక పెద్దావిడ మొదట్నుంచీ లోపల లేనే లేదు. పార్వతీపురంలో పైడిరాజు అని దర్జీ, ఆయన కూతురు రోజా, బండి మీంచి పడి అలా అయిపోయింది. ఆ పిల్ల కొండలు సగానికి దిగాయి. ఇంకా దిగుతున్నాయి. మా ఆయన బొమ్మలో నడుమ ఉన్న చోటు ఎలా ఉందో అలా ఉంది.

ప్రోగ్రాము సరిచేస్తే అన్ని ఇళ్ళ తెరలూ ఒక్కసారే మారతాయి. చెయ్యి మీట మీద పెట్టి కాసేపు కూర్చున్నాను. మా ఇంటిదొక్కటి పాతదే ఉంచేసుకోవచ్చు, అడిగేవాళ్ళు లేరు. ఆ ఆలోచన నాకు వచ్చింది, వచ్చినందుకు సిగ్గుపడలేదు. ఈ ఇంట్లో సాయంత్రాలు ఎంత పొడుగ్గా ఉంటాయో నాకే తెలుసు. ఆఖరికి, ముందు మా ఇంటిదే మార్చాను. మారాక తెర నీలంగా, చదునుగా, పక్కన కొలబద్దతో నిలబడింది. అప్పుడు మిగతావి మార్చాను.

పైడిరాజు వెంటనే ఫోను చేశాడు. "మేడమ్ గోరూ, మా అమ్మాయి తెర పాడైపోనాది. ఎరుపు రావడం లేదు. పచ్చగా ఏదో కొంచెం లెగిసి పడిపోతంది."

"పాడవలేదు పైడిరాజుగారూ. ఇన్నాళ్ళూ ఉన్నదే తప్పు. ఆ తప్పు నాది." అంతా చెప్పాను. ఎండ బొమ్మల సంగతితో సహా చెప్పాను. ఆయన తెలివైన మనిషి, రెండోసారి చెప్పించుకోలేదు.

"అయితే ఆ ఎరుపంతా అబద్ధమా అమ్మా? నాను రోజూ పాప సిన్నప్పటి కబుర్లు సెప్తాను. ఇంటందనుకున్నాను."

"వింటోంది. ఆ పచ్చ ఉంది చూశారూ, అది నిజంగా విన్నది. కానీ తగ్గిపోతోంది. ఇంకా ఉండగానే డాక్టరుగారికి చూపించాలి. రేపే విశాఖ తీసుకురండి."

కుట్టుమిషను చప్పుడు వెనక నుంచి వినబడుతోంది, ఎవరో కుడుతున్నారు. "ఆ ఎరుపు ఉంచీసుంటే బాగుండునమ్మా" అన్నాడు చివరికి. మళ్ళీ తనే, "ఎన్ని గంటలకి రమ్మంటారు?" అన్నాడు.

ఆపరేషను జరిగింది. నీరు తీశారు. బెహరాగారు కొత్త అంకెలు పంపిస్తే గీసి చూశాను. దిగడం ఆగింది. లేవడం మొదలైందని ఇప్పుడే అనలేను. నిలబడింది, అంతవరకే చెప్పాను పైడిరాజుకి కూడా. ఆయన ఆ మాత్రానికే ఏడ్చాడు.

మా ఇంట్లో నూకాలు తెర చూసి బెంగపెట్టుకుంది. "ఏటమ్మా, ఇలగైపోనాది? బాబుగోరు ఇనడం మానీసినారా?"

"ఎప్పుడో మానేశారు నూకాలూ. మనకి తెలియలేదు."

అది కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన తలగడ సర్ది, మంచం చుట్టూ ఒకసారి తిరిగి, "అలాగని నాను మాటాడ్డం మానలేనమ్మా, అలవాటైపోనాది" అంది. దాన్ని నేను ఆపలేదు. నాకు మాత్రం నోరు రాలేదు. సాయంత్రాలు ఆయన పక్కన కూర్చుంటున్నాను, ఒళ్ళు తుడుస్తున్నాను, గోళ్ళు తీస్తున్నాను. చెప్పడానికి ఏదైనా తోస్తే నాలుక దాకా వచ్చి ఆగిపోతుంది. టీ రెండు గుక్కలు తాగి వదిలేస్తున్నాను.

సెమిస్టరు ఆఖరి క్లాసుకి వెళ్ళాను. మార్కులు చదివాను, వచ్చే ఏడు చదవాల్సినవి చెప్పాను. ఇంకేమైనా అడగాలా అంటే ఎప్పుడూ ఎవరూ అడగరు, బయటికి పోవాలని తొందర. ఆ రోజు ఢిల్లీశ్వరి లేచింది.

"ప్రాజెక్టు గురించి మేడమ్. నమూనా ఒకటి."

"ఒక మార్కు సంగతా? ప్రమాణం లేకపోతే ఇవ్వను."

"మార్కు కాదు మేడమ్. ఆ సాయంత్రాలు మాట్లాడతంది కదా, ఒకావిడ. ఆవిడకి ఎవరైనా చెప్పారా? మేం గీసీసి, మార్కులేయించుకుని ఊరుకున్నాం. అప్పట్నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. ఆవిడ ఇంకా మాట్లాడతానే ఉందేమో అని."

క్లాసంతా వింటోంది. తవిటినాయుడు కూడా పెన్ను తిప్పడం ఆపాడు. ఈ ఊళ్ళో నా ఇంటి సంగతి అడిగినవాళ్ళు చాలా కాలంగా ఎవరూ లేరు. ఈ పిల్ల అడుగుతోంది, ఎవరి ఇంటి సంగతో తెలియకుండానే.

"చెప్పారు. ఇప్పుడు మాట్లాడడం లేదు" అన్నాను.

"ఎవరు చెప్పారు మేడమ్? డాక్టరుగారా?"

"కాదు. నువ్వే చెప్పావు."

దానికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. నేను మొహం తిప్పుకోలేదు. "బాగా చెప్పావు. ఒక్క తప్పు లేకుండా చెప్పావు. కూర్చో" అన్నాను.

ఢిల్లీశ్వరి కూర్చోలేదు.